ఆర్మూరు సీమలో ఆయుధ బేరం

కత్తికి గానీ తుపాకికి గానీ పైచూపుతో విలువ కట్టడం కష్టం. లోపలి లోహం ఎలాంటిదో వాడే రోజున తప్ప తేలదు. ఆ రోజున అది విరిగితే, అమ్మినవాణ్ణి నిలదీయడానికి కొన్నవాడు మిగలకపోవచ్చు కూడా. అందుకే ఆయుధాలు అమ్మే చోట ధర మాట్లాడేముందు పరీక్ష నడిచేది. ఆర్మూరు, కమ్మర్‌పల్లి, ఇందల్వాయి ప్రాంతంలో ఈ వర్తకానికి మూడున్నర శతాబ్దాల లిఖిత సాక్ష్యం ఉంది. తొలి రోజుల్లో కొనేవాడు సరుకును పరీక్షించేవాడు. లైసెన్సుల కాలం వచ్చాక అమ్మేవాడే కొనేవాణ్ణి పరీక్షించడం మొదలుపెట్టాడు. దుకాణంలో మర్యాద, మాట తీరు, ఓపిక అన్నీ ఈ తారుమారుతోనే మారాయి.

ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో 1666–67లో ఔరంగాబాదు నుంచి గోల్కొండకు వెళ్తూ ఇందూరు సీమ మీదుగా ప్రయాణించాడు. ఇందూరంటే నేటి నిజామాబాద్. దారిలో ఇందల్వాయి గురించి ఆయన ప్రత్యేకంగా రాసుకున్నాడు: అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు పెద్ద ఎత్తున తయారవుతాయని, అవి హిందుస్థానమంతటా అమ్ముడుపోతాయని, ఇనుము దగ్గరి కొండల్లోని గనినుంచే వస్తుందని. ఇవాళ ఆ ఊరి పేరు 44వ నంబరు జాతీయ రహదారి మీద టోల్‌గేటు దగ్గర ఆగేవాళ్లకు తెలుసు గానీ, కత్తుల ఊరుగా ఎవరూ తలచుకోరు.

అదే శతాబ్దంలో వజ్రాల వ్యాపారి తావెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి పర్షియాకు పోయే ఉక్కు గురించి రాశాడు. నీటి అలల్లాంటి గీతలు తేలే ఖడ్గాలకు ఆ ఉక్కు ఒక్కటే పనికొస్తుందట. అది చిన్న రొట్టె పరిమాణంలో ముద్దలుగా అంగట్లోకి వచ్చేది. నాణ్యత తెలుసుకోవడానికి ముద్దను రెండుగా కోసి చూసేవారు. పసుపు కొనేవాళ్లు కొమ్మును విరిచి లోపలి రంగు చూడటం నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఎవరైనా చూసే దృశ్యమే. ఉక్కు ముద్దకూ దాదాపు ఇదే మర్యాద జరిగేది. కాకపోతే ఉక్కును కోయడానికి చేతి బలం చాలదు, అమ్మేవాడి ఒప్పుదల కూడా కావాలి. కోయనివ్వని వాడి సరుకును ఎవరు కొంటారు?

ఈ ఉక్కు తయారైన ఊళ్లలో కోనసముద్రం పేరు అన్నిటికంటే ముందు వస్తుంది. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వెళ్లే దారిలో మోర్తాడు దాటాక కమ్మర్‌పల్లి వస్తుంది. కమ్మరుల పల్లె అన్న అర్థం ఆ పేరులోనే వినిపిస్తుంది. కోనసముద్రం ఆ మండలంలోని ఊరే. అక్కడి పనిని కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వాయిసీ. ఆయన వైద్యుడు, లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో చనిపోయాడు. ఆయన రాతను 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రిక అచ్చు వేసింది.

వాయిసీ చెప్పిన పద్ధతిలో రెండు రకాల ఇనుము కావాలి. ఒకటి మెట్‌పల్లి వైపు నుంచి వచ్చేది. వాగుల్లో దొరికే నల్లటి అయస్కాంతపు ఇసుకను కరిగించి తీసినది. రెండోది కొండాపూర్ నుంచి వచ్చేది. మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు కలిపి, గాజులాంటి చిట్టెంతో సహా మట్టి మూసలో పెట్టి, నోరు మట్టితో మూసేవారు. మూసకు వాడే మన్ను శిథిలమైన నల్లరాతి నుంచి వచ్చేది. దానిలో పాత మూసల పొడి, వరి ఊక కలిపి నూరేవారు. కొలిమికి నాలుగు తిత్తులు. ఒక పగలూ ఒక రాత్రీ నిప్పు ఆరకుండా ఊదాలి. చల్లారాక మూస పగలగొడితే దాదాపు ముప్పాతిక కిలో తూగే ముద్ద బయటపడేది. అప్పుడే అది సుత్తికి లొంగదు. పైన మట్టి పూసి, మళ్లీ మళ్లీ గంటల తరబడి మెల్లగా కాల్చి దాని కరుకుదనం తగ్గించాలి. లోహశాస్త్రజ్ఞులు ఈ రెండు ఇనుముల కలయికను హైదరాబాద్ పద్ధతి అంటారు. మైసూరు, తమిళ సీమల్లో ఒకే ఇనుమును ఆకులు, కట్టెతో కలిపి మూసలో పెట్టే పద్ధతికి ఇది భిన్నమైనది. యూరప్ భాషల్లోకి 1790లలో చేరిన ‘వూట్జ్’ అనే మాట మన ఉక్కు నుంచే పుట్టిందన్నది పండితులు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

వాయిసీ రాతలో కొలిమి కంటే ఆసక్తికరమైనవాడు అక్కడ కూర్చున్న కొనుగోలుదారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే పర్షియా వర్తకుడు ఆ ఊళ్లో మకాం వేసి ఉన్నాడు. ఇరవై ఏళ్ల కిందట కూడా ఇదే పని మీద వచ్చి వెళ్లినవాడు. ఇనుము పాళ్లను తానే తూచేవాడు. కొలిమి పని జరుగుతుంటే దగ్గరుండి చూసేవాడు. తయారైన ముద్దల గట్టిదనాన్ని పరీక్షించాకే తీసుకునేవాడు. తమ దేశంలో ఈ ఉక్కును చేయాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదని కూడా వాయిసీకి ఆ వర్తకుడి నుంచే తెలిసింది.

ఈ ఏర్పాటును కాస్త ఆగి గమనించాలి. కొనేవాడు సముద్రం దాటి వచ్చి, తూకపు రాళ్లు చేతబట్టుకుని, కమ్మరి నెత్తిన కూర్చున్నాడు. కమ్మరి అభిమానపడి వెళ్లగొట్టలేదు. బయటివాడికి తయారీ అంతా చూపించినా కిటుకు పోతుందన్న భయం ఆ ఊరికి ఉన్నట్టు కనిపించదు. ఇసుక, మన్ను, అడవి బొగ్గు, తరాల చేతివాటం ఒక్క మనిషి మూట కట్టుకుపోయేవి కావు. 1998లో అమెరికన్ పరిశోధకుడు వెర్హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రేతో కలిసి చేసిన పనిలో, ఖనిజంలో అణుమాత్రంగా ఉండే వనేడియం వంటి లోహాలే ఖడ్గం మీద గీతలు ఏర్పడటానికి కీలకమని తేలింది. ఖనిజం మారితే పద్ధతి తెలిసినా ఫలితం మారుతుంది. వర్తకుడు సరుకు కోసం ఎదురుచూడక ఆ ఊరిదాకా రావడం వెనుక ఇలాంటి అనుభవ జ్ఞానం ఉండి ఉండాలి.

పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ ఈ బేరం సన్నగిల్లింది. ఖడ్గానికి యుద్ధంలో పనిపోయింది, షెఫీల్డ్ ఉక్కు చౌకగా దిగింది, బొగ్గుకు అడవి అందుబాటు తగ్గింది. ఆ ఊరి చుట్టూ మూసల ముక్కలు, చిట్టెం కుప్పలు మాత్రం మిగిలాయి. 1980లలో పరిశోధకురాలు తెల్మా లోవ్ వాటిని అధ్యయనం చేసింది. ఉత్తర తెలంగాణ ఇనుము పరిశ్రమ మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎస్. జైకిషన్, ఆ తరువాత శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్ బృందం 2010 ప్రాంతంలో ఊరూరా తిరిగి ఇలాంటి చోట్లను నమోదు చేశారు.

తుపాకుల సంగతి మొదటి నుంచీ వేరు. గోదావరి అవతల నిర్మల్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో ఫిరంగుల కార్ఖానా నడిచింది. హైదరాబాద్‌లో 1795 ప్రాంతంలో ఫ్రెంచి సేనాని రేమాఁ పెట్టించిన కార్ఖానా చోటును ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అంటారు. జనం నోట అది ‘తోప్ కా సాంచా’. ఇవి సర్కారు కార్ఖానాలు. గిరాకీ కూడా సర్కారే. కనుక బేరమూ లేదు, బతిమాలడమూ లేదు.

మామూలు మనిషికి తుపాకి అమ్మే దుకాణం పట్టణానికి పరిమితమైంది. హైదరాబాద్‌లో అలాంటివి ఆబిడ్స్ చుట్టుపక్కల నిలదొక్కుకున్నాయి. ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణదారుది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండి, అక్కడ పెద్ద అంగడి పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ పేరు అది. షికారు మోజున్న నవాబులు, జాగీర్దార్లు, దేశ్‌ముఖులే ఆ కాలపు తుపాకి గిరాకీలు. గడీలో గోడకు వేలాడే ఇంగ్లీషు జోడు నాలి తుపాకి వేటకు ఎంత పనికొచ్చేదో, ఊరిని అదుపులో ఉంచడానికీ అంతే పనికొచ్చేది. పల్లెలో మిగతావాళ్ల చేతికి వచ్చింది బర్మారు. గొట్టం మూతి నుంచి మందు, రవ్వలు కూరి పేల్చే నాటు తుపాకి అది. దాన్ని చేసింది ఊరి కమ్మరే. ఉక్కు ముద్దల గిరాకీ పోయాక కమ్మరికి మిగిలినవి నాగలి కర్రు, బండి పట్టా. చాటుగా వచ్చే బర్మారు మరమ్మతు ఎప్పుడో ఒకటి.

బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధ చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. స్వాతంత్ర్యం తరువాత పార్లమెంటు చేసిన 1959 ఆయుధ చట్టం, దాని నియమావళితో పాటు 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం కింద తుపాకి పెట్టుకునేవాడికే కాదు, అమ్మేవాడికీ మరమ్మతు చేసేవాడికీ వేర్వేరు లైసెన్సులు కావాలి. ఇరవై ఒకటి నిండనివాడికి తుపాకి అమ్మకూడదు. అయితే పంట కాపలాకు రైతు బర్మారు అడిగినా, ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టమున్న నునుపు నాలి తుపాకి ఎవరైనా అడిగినా, అభ్యంతరమేదీ లేనప్పుడు లైసెన్సు ఇవ్వాలన్నట్టుగా 13వ సెక్షన్ రాశారు. అడవిపందుల బెడదున్న మొక్కజొన్న, జొన్న రైతుల్లో చాలామందికి ఈ సెక్షన్ సంగతి తెలియకపోవచ్చు.

అప్పటి నుంచి దుకాణదారు తీరు మారింది. తుపాకి అంగట్లోకి వచ్చినవాణ్ణి ఏం కావాలని కాక, లైసెన్సు చూపించమని అడుగుతారు. పుస్తకం చేతికొచ్చాక దాన్ని తిప్పి, ఏ రకం ఆయుధానికి అనుమతి ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో, తూటాలు ఒక్కసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనవచ్చో చూస్తారు. అమ్మిన ప్రతి తూటా లెక్క రిజిస్టరులో ఎక్కాలి, కొన్నవాడి లైసెన్సు మీదా రాయాలి. స్టాకులో ఒక్క పెట్టె తేడా వచ్చినా దుకాణదారు తన లైసెన్సుకే ముప్పు తెచ్చుకుంటాడు. తుపాకి అంగడివాడు ముక్కుసూటిగా, కొన్నిసార్లు కటువుగా మాట్లాడతాడన్న పేరు ఈ పని తీరులోంచే పుట్టింది. బట్టల దుకాణంలోలా పది చీరలు పరిచి చూపించే వీలు అక్కడ లేదు. తమాషాకు చూడవచ్చినవాడు అతని దృష్టిలో గిరాకీ కాదు, అనుమానం. అదే మనిషి పాత ఖాతాదారుకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, వాళ్ల తండ్రి తుపాకి బిగుతు గురించి గంటసేపు ముచ్చటించగలడు.

ఈ పాత ఖాతాల వెనుక మరో కారణం ఉంది. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా, యజమాని చనిపోయినా, ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతుంది. దాంతో అమ్మకపు దుకాణం భద్రపరిచే కొట్టు కూడా అయింది. చనిపోయినవాళ్ల తుపాకులు, వారసులకు లైసెన్సు వచ్చేదాకా, చీటీ కట్టి వరుసగా నిలబడి ఉంటాయి. నూనె పెట్టడం, తుప్పు పట్టకుండా చూడటం అతని పూచీ. గడువులోగా ఎవరూ రాకపోతే ఆ తుపాకి సర్కారుకు జప్తు అవుతుంది. 1980లలో అమ్మకానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో, పాత వెబ్లీ, గ్రీనర్ తుపాకుల ధర పైకి పోయింది. ఆ తరువాత దుకాణంలో కొత్తగా ఎక్కువగా దొరికినవి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సరుకు, బీహార్‌లోని ముంగేర్ తుపాకులు. వారసులకు పాతదాని విలువ తెలియదు, డీలరుకు తెలుసు; అతని నిజాయితీ తేలేది ఇక్కడే. చట్టం తుపాకి అమ్ముకోవాలనుకునేవాళ్లకు ఇంకో దారీ ఉంచింది: లైసెన్సు ఉన్న వ్యక్తి నేరుగా మరో లైసెన్సుదారుకు అమ్ముకోవచ్చు. అయితే జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో ముందే తెలిపి, 45 రోజులు ఆగాలి.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం షికారుకు అడ్డుకట్ట వేసింది. వేటగాడి స్థానంలో బ్యాంకు కాపలాదారు, సెక్యూరిటీ సంస్థ, రాజకీయ నాయకుడు, వ్యాపారి దుకాణం మెట్లెక్కారు. వేటగాడు తుపాకిని ఎత్తి భుజానికి ఆనించి, బరువు, తూకం చూసి ఎంచుకునేవాడు. వీళ్లలో చాలామందికి తుపాకి ఒక అవసరపు వస్తువో, హోదా గుర్తో. తూటాలు కూడా అరుదుగా కొంటారు. మనిషికి మూడు ఆయుధాలన్న 1983 నాటి పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. 2016 నియమావళి దరఖాస్తుదారుకు ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ ఉండాలంది.  అడవిపందుల సమస్యకు తెలంగాణ ప్రభుత్వం నమోదైన షూటర్లను పంపే పద్ధతి ఎంచుకుంది. రైతు చేతికి తుపాకి రాలేదు.

ఎన్నికల ప్రకటన రాగానే జిల్లాలో లైసెన్సు తుపాకుల యజమానులకు పిలుపు వెళుతుంది. మినహాయింపు ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు తుపాకి తెచ్చి స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తీసుకుంటారు. ఫలితాలు వెలువడిన వారం తరువాత అదే రసీదు చూపించి, తుపాకి నంబరు సరిచూసుకుని, తిరిగి ఇంటికి తీసుకుపోతారు.