ఆదోరం, చచ్చిన గొడ్డు, డప్పు

మా గూడేనికి క్రైస్తవ్యం వేదాంతంగా రాలేదు. మూడు 'వద్దు'లుగా వచ్చింది. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మానికి వచ్చినవాళ్ల ముందు పెట్టిన షరతులివి. త్రిత్వం అంటే ఏందని మా నాయనమ్మని అడిగితే నవ్వేది. ఈ మూడు మాత్రం వేళ్లు ముడిచి చెప్పేది. మతం మారితే మీకేం మారింది అని చదువుకున్న మిత్రులు కొందరు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ మూడు మాటలు ఊళ్లో ఏయే కట్లు తెంపినయ్యో చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఈ మాటను ఒంగోలు చుట్టుపక్కల పల్లెలకు మోసింది దొర ఒక్కడే కాదు. యెర్రగుంట్ల పేరయ్య మోశాడు. ఆయన మాదిగ. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగినవాడు, అంతకు ముందే యోగమార్గం గురువుల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలు చేరటం చూసి ఒంగోలు పెద్దకులాలవాళ్లు తమ పిల్లల్ని మిషను బడి మాన్పించారు. వాళ్లు కావాలా, వీళ్లు కావాలా అని దొర తేల్చుకోవాల్సి వచ్చింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తెరిచి, లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోట ఆగాడని చెబుతారు. అక్కడ ఆగబట్టే మేమున్నాం.

చచ్చిన గొడ్డు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అది మా వాళ్లకు కూడు ఒక్కటే కాదు, కొలువు కూడా. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాల్సింది మాదిగ. మాంసం వాళ్లది, తోలు వాళ్లది. ఆ తోలును సున్నంలో వేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్కతో లందలో ఊరబెట్టి, చెప్పులు, మోటబానకు తొండం, ఎడ్లకు పట్టెడలు చేసి ఆసామికి ఇవ్వాలి. కళ్లంలో ఆయన కొలిచిన గింజలే ప్రతిఫలం. అందుకే 'మాంసం తినం' అని మావాళ్లంటే ఆసామికి ఇంకోరకంగా వినపడింది. ఇయ్యాల మాంసం వద్దన్నోడు రేపు కళేబరం లాగనంటాడు, ఎల్లుండి చెప్పులు కుట్టనంటాడు. మా నాయనమ్మ అత్త బాప్తిస్మం తీసుకున్న ఏడాది దండెం మీద ఎండేసిన తునకలన్నీ కుక్కలకు వేసిందట. వేసి, మూడు రోజులు పిల్లల గంజి కోసం ఇల్లిల్లూ తిరిగిందట. ఈ కథ చెప్పినప్పుడల్లా మా నాయనమ్మ మొదటి సగం గర్వంగా చెప్పేది, రెండో సగం మెల్లగా చెప్పేది.

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో ఈ ఆజ్ఞ పక్కనే ఇంకో మాట ఉంది. చచ్చినదాన్ని నువ్వు తినొద్దు గానీ నీ ఊళ్లో ఉన్న పరదేశికి ఇవ్వొచ్చు, అన్యుడికి అమ్మొచ్చు అని. ఈ సగం మీద మా గుడిలో ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. ఊరు తరతరాలుగా మమ్మల్ని నిలబెట్టింది ఆ పరదేశి జాగాలోనే. మావాళ్లు ఆ వాక్యం చదవగలిగినా చదవలేకపోయినా, ఆ జాగాలోంచి ఇవతలికి నడిచొచ్చారు. 1927లో మహద్ సభ నుంచి అంబేడ్కర్ చచ్చిన పశువు మాంసం మానమని పిలుపిచ్చేనాటికి ఒంగోలు పల్లెల్లో ఆ మాట అరవై ఏళ్ల పాతది.

ఇక ఆదోరం. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకి సెలవనేది లేదు. నిర్గమకాండంలో, ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినం ఆజ్ఞ చదవండి. అక్కడ యజమానితో పాటు దాసుడూ, దాసీ, ఎద్దూ, గాడిదా కూడా ఉంటారు. నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసవే అని గుర్తు చేసి మరీ చెబుతుంది. దొరలు దాన్ని ఆరాధనగా నేర్పారు. మావాళ్లు దాన్ని వారానికొక రోజు సమ్మెగా చేశారు. ఊరు ఊరుకోలేదు. బావి కట్టు, బీట్లో గడ్డి కట్టు, చాకలీ మంగలీ కట్టు. కొన్ని గూడేలు తట్టుకున్నయ్. కొన్ని రాజీపడి, పగలు అరక దున్ని రాత్రి దీపం బుడ్డి కింద కూడుకున్నయ్. మా గూడెం రెండో రకం. ఇప్పుడు మా పిల్లలు హైదరాబాదులో ఆదివారం షిఫ్టు పడిందని గుడికి రాలేమంటారు. వాళ్లకు భక్తి తగ్గిందని పాస్టరుగారు కోప్పడతారు. కంపెనీ యజమాని గురించి ఒక్క మాటనరు. ఆ ఆజ్ఞ ముందు చెప్పింది ఎవరికి?

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని పెట్టాడు. కూడు కోసం మారారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మమ్మల్ని బియ్యం క్రైస్తవులనేవాళ్లు ఈ ముక్క తెలుసుకోవాలి. పనీ డబ్బూ అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది నీళ్లలో దిగారు.

మూడో 'వద్దు' మాకు మేలూ చేసింది, కీడూ చేసింది. పోలేరమ్మ కొలుపుకి డప్పు కొట్టటం వెట్టి. విగ్రహం వద్దన్నందువల్ల ఆ వెట్టి తెగింది. దాంతోపాటు డప్పే సైతానుదని గూడెంలోంచి పోయింది. మా తాత దరువులు ఒక్కటీ మా నాన్నకు రావు. 1994 జులై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలై డప్పు మళ్లీ చేతికొచ్చినప్పుడు, క్రైస్తవ కుర్రాళ్లు పక్క ఊరి ముసలాళ్ల దగ్గరికెళ్లి నేర్చుకోవాల్సి వచ్చింది. డప్పును వాయించే చెయ్యి స్వతంత్రమైందా లేదా అన్నది చూడాలిగానీ, తోలుకి పాపం అంటగట్టటం నాకు మింగుడుపడదు.

ఇప్పటి మా ఇళ్లల్లో అన్నిటికన్నా బరువైన ఆజ్ఞ ఇంకొకటుంది. అబద్ధ సాక్ష్యం పలకొద్దన్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు బయటే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాకు బీసీ-సీ, ఒక్క శాతం. ఈ మతం నిబంధన తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు ఎవరి సర్టిఫికెట్టూ అడగలేదు.

మా పెద్దనాన్న కొడుకు హిందూ మాదిగ అని రాయించుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. మా నాన్న ఉన్నదే రాయమన్నాడు. నాకు బీసీ-సీ పడింది. రెండిళ్లకీ మధ్యన ఒకటే గోడ. పండక్కి మా అన్న వస్తే ఒకే బెంచీ మీద కూర్చుంటాం. ప్రభురాత్రి భోజనం గిన్నె వచ్చినప్పుడు ఆయన చాలా ఏళ్లు ముట్టుకోలేదు. అబద్ధమాడినోడినని. నేను ఆయన్ని తప్పుపట్టను. మనిషి దేవుణ్ణి దాచుకుంటేగాని కూడు పెట్టని చట్టం రాసినవాళ్లు గదా ఆ సాక్ష్యం పలికిస్తున్నది. మా నాన్న మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ముసలామె తునకలు కుక్కలకేసి మనల్ని ఇక్కడికి తెచ్చిందిరా అనేవాడు.

మొన్న జూన్‌లో మా తమ్ముడు మనవరాలి బడి దరఖాస్తు నింపుతూ మతం గడి దగ్గర పెన్ను ఆపాడు. నావంక చూశాడు. నేను, నీ ఇష్టం అన్నా. పేరు రాశాడు, కులం మాదిగ అని రాశాడు, ఆ గడి ఖాళీగా వదిలి ఇచ్చేశాడు. బడి గుమాస్తా తనే ఏదో నింపుకున్నాడు. ఏం నింపాడో మేం ఇంకా అడగలేదు.