లెక్కకు లొంగని రక్తరహస్యము

వానకాలము ముదిరి, ఉట్నూరు ఏజెన్సీ గూడెములలోను కరీంనగరు వాడలలోను డెంగీ జ్వరములు ప్రబలినప్పుడు, ఆసుపత్రుల వసారాలలో వినవచ్చు మాట యొక్కటే: "ప్లేట్‌లెట్లు పడిపోయినయట!" ఘన మిల్లీమీటరు రక్తమున లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవరకు నుండవలసిన యీ ఫలకికల సంఖ్యయే ప్రాణమునకు ప్రమాణమని జనులు భావింతురు. ఆ సంఖ్య ముఖ్యమే; కాని, ఫలకికల పనితనము దానికంటె గహనమైన విషయము.

1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున శాస్త్రజ్ఞుడు జూలియో బిట్జొజేరో, రక్తనాళము గాయపడిన తావున నీ కణికలే తొలుత గుమిగూడునని చూపెను. సంఖ్య సరిగనున్నను ఫలకికలు దుర్బలములై రక్తస్రావము కలుగు వంశపారంపర్యవ్యాధిని స్విట్జర్లండు వైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో వర్ణించెను. భీమవరమున జన్మించిన మన జీవరసాయనశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు, సహశాస్త్రజ్ఞుడు ఫిస్కేతో గూడి 1929లో ప్రకటించిన, కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అణువు నుండి యొక ఫాస్ఫేటు తొలగగా మిగులు ఏ.డి.పి.యే ఫలకికలను గుమిగూర్చు సంకేతమని 1961లో నార్వే శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఆ సంకేతము కణములోపలికి చేరు మార్గమేది? ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున, సోల్ షెర్రీ పేర వెలసిన రక్తఘనీభవన పరిశోధనాకేంద్రమునకు చెందిన వైద్యశాస్త్రజ్ఞుడు డాక్టర్ ఎ. కోనేటిరావు దశాబ్దములపాటు పరిశోధించినది ఈ ప్రశ్ననే. రోగిని పరీక్షించిన చేతితోనే యాతని ఫలకికలను ప్రయోగశాలలో శోధించుట వారి పద్ధతి. వీధితలుపు తట్టిన చప్పుడు వినబడియు లోనికి వార్త మోయువాడు కొరవడిన యింటివలె, సంకేతవాహకమైన జి-ఆల్ఫా-క్యూ అను ప్రోటీను తగ్గుటచే ఫలకికలు మందగించిన యొక రోగిని గూర్చి వారి బృందము 1997లో ప్రకటించెను. ఫలకికల జననమును శాసించు రన్‌ఎక్స్1 జన్యువునందలి లోపము, వాని సంఖ్యనేగాక పనితనమును సైతము ఎట్లు చెరచునో 2004 నుండి వెలువడిన వారి పరిశోధనలు విశదపరచెను. ఈ జన్యులోపము గలవారికి రక్తకేన్సరు ముప్పు హెచ్చుగనుండుటచే, కుటుంబచరిత్రను విచారించుట వైద్యునకు విధి యైనది.

ఈ విజ్ఞానము మనకును నిత్యోపయోగకరమే. ఆస్పిరిన్ ఫలకికల లెక్కను తగ్గింపదు. కాని వాని శక్తిని, అవి జీవించు వారము పదిదినములును, హరించును. కావున డెంగీ యనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలను మింగరాదు. జ్వరము తగ్గుముఖము పట్టిన పిమ్మటనైనను కడుపునొప్పియో, ఎడతెగని వాంతులో, చిగుళ్ల రక్తమో కనబడినచో, రిపోర్టులోని అంకె యెంతయున్నను, తడయక ఆసుపత్రికి పోవలయును.