నిరూపణ భారం ఎవరిది? బిస్ఫినాల్-ఎ భద్రతా మదింపుల చరిత్ర: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత అనుభవం

ఉపోద్ఘాతం

ఒక రసాయనం సురక్షితమని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆ ప్రకటన శాశ్వత సత్యం కాదు. ఆనాటికి లభ్యమైన పరిశోధనల ఆధారంగా తీసుకొన్న నిర్ణయం మాత్రమే. ఆహార పాత్రలలోను, డబ్బాల లోపలి పూతలలోను వాడే బిస్ఫినాల్-ఎ చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. శాస్త్ర నిర్ధారణ పూర్తికాని దశలో ప్రభుత్వం ఏ వైపు మొగ్గాలి అన్న ప్రశ్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాల చరిత్రలోనూ ఉంది. ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

బిస్ఫినాల్-ఎ: మారుతూ వచ్చిన హద్దు

బిస్ఫినాల్-ఎను 1891లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త డయానిన్ తొలిసారి తయారుచేశాడు. 1936లో డాడ్స్, లాసన్‌లు దీనికి ఈస్ట్రోజెన్ స్వభావం ఉన్నట్లు గుర్తించారు. అయినా 1950ల నుండి పాలీకార్బోనేట్ ప్లాస్టిక్, ఎపాక్సీ రెజిన్ల తయారీలో ఇది ముడిసరుకుగా స్థిరపడింది. పాత్ర వేడెక్కినప్పుడు దీని అణువులు ఆహారంలోకి, నీటిలోకి చేరే అవకాశం పెరుగుతుంది.

1982లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం ఎలుకలపై జరిపిన కాన్సరు అధ్యయన ఫలితాలను ప్రకటించింది. దాని ఆధారంగా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988లో కిలో శరీర బరువుకు రోజుకు 50 మైక్రోగ్రాములను ప్రమాణ మోతాదుగా నిర్ణయించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2006లో ఇదే అంకెను స్వీకరించి, 2015లో తాత్కాలికంగా 4 మైక్రోగ్రాములకు, 2023లో 0.2 నానోగ్రాములకు తగ్గించింది. 60 కిలోల మనిషి లెక్కన చూస్తే, తొలి ప్రమాణం రోజుకు 3 మిల్లీగ్రాములు. చివరిది 12 నానోగ్రాములు. అంటే హద్దు రెండున్నర లక్షల రెట్లు కుదించుకుపోయింది. ఈ మార్పుకు ప్రధాన కారణం రోగనిరోధక వ్యవస్థపై ప్రభావాన్ని సూచించిన అధ్యయనాలు.

అయితే ఈ నిర్ణయాన్ని అందరూ ఆమోదించలేదు. జర్మనీ ప్రమాద మదింపు సంస్థ 2023లోనే 200 నానోగ్రాములు సముచితమని వాదించింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2014లో ప్రస్తుత వాడుక స్థాయిలో ఇది సురక్షితమని పేర్కొంది. ఒకే రసాయనంపై మూడు ప్రభుత్వ వ్యవస్థలు మూడు తీర్పులు ఇచ్చాయి. కారణం కేవలం గణాంకాలలో తేడా కాదు; ఏ అధ్యయనాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ఏ మార్పును హానిగా పరిగణించాలి అన్న ప్రశ్నలలో భేదం.

మొయినాబాద్ పరిసరాలలో ఇదే ప్రశ్న

1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మితమైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు హైదరాబాదు దాహం తీర్చాయి. వాటి పరిరక్షణకై 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 111వ నంబరు ఉత్తర్వు, 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. వీటిలో మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామాలూ ఉన్నాయి.

ఈ నిషేధిత పరిధిలోనే, శంషాబాద్ మండలంలో తలపెట్టిన ఆముదపు నూనె ఉత్పన్నాల పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. ఆధునిక సాంకేతికత వల్ల హాని ఉండదన్న వాదనను అప్పీలు అధికారి అంగీకరించగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు శాస్త్ర పరిజ్ఞానం అసంపూర్ణమని, మారుతూ ఉంటుందని గుర్తించి, ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. యథాస్థితిని మార్చదలచినవారే తమ కార్యం హానికరం కాదని నిరూపించాలని పేర్కొంది. 2000 డిసెంబరులో వెలువడిన తుది తీర్పు కూడా పరిశ్రమకు అనుకూలంగా రాలేదు.

భారతీయ ప్రమాణాలు

పాలసీసాలకు సంబంధించిన ఐ.ఎస్. 14625:2015 ప్రమాణం బిస్ఫినాల్-ఎ వాడకాన్ని అనుమతించలేదు. ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2018లో జారీచేసిన ప్యాకేజింగ్ నిబంధనలు ప్లాస్టిక్ నుండి ఆహారంలోకి చేరే మొత్తం పదార్థాలకు కిలోకు 60 మిల్లీగ్రాముల హద్దు విధించాయి. ఈ మొత్తం హద్దు అన్ని రసాయనాలనూ కలిపి తూస్తుంది. నానోగ్రాములలో చర్చనీయమైన ఒక్క రసాయనాన్ని అది విడిగా పట్టించుకోలేదు. శిశువు విషయంలో పాటించిన జాగ్రత్త, అదే పదార్థంతో తయారైన నీటి డబ్బా వరకు అదే రూపంలో విస్తరించలేదు.

ముగింపు

జలాశయం విషయంలో నిరూపణ భారాన్ని పరిశ్రమపై మోపిన న్యాయసూత్రం, ఆహార పాత్ర విషయంలో ఇంకా పూర్తిగా అమలు కాలేదు. ఆ జలాశయ రక్షణ కూడా స్థిరం కాదు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో 111 ఆంక్షలను ప్రభుత్వం సడలించింది. సురక్షితమన్న ముద్ర ఒక చారిత్రక పత్రమని, దానిపై తేదీ ఉంటుందని గుర్తించినప్పుడే శాస్త్ర నిర్ణయాలను ప్రజలు ప్రశ్నించగలుగుతారు. పాత హద్దును నమ్మి జీవించిన తరాలకు కొత్త హద్దు ఆలస్యంగా చేరిన సమాచారమే. ఆ ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లించాలన్నదే మదింపుల చరిత్ర అడుగుతున్న ప్రశ్న.