ఫాక్స్ నది ఒడ్డున ఆల్ప్స్ సంత

ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగోకు పడమరగా, ఫాక్స్ నదికి ఇరుగట్లా విస్తరించిన అరోరా నగరంలో 2022 నుంచి ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక జర్మన్ సంత జరుగుతోంది. నది ఒడ్డున రివర్‌ఎడ్జ్ పార్కులో వరుసగా చెక్క గుడిసెలు లేస్తాయి. వాటిలో గాజు గోళాలు, చెక్క బొమ్మలు, అల్లం, దాల్చినచెక్క కలిపిన లెబ్‌కూహెన్ రొట్టెలు, మసాలాలు వేసి వేడిచేసిన గ్లూవైన్ అనే ద్రాక్షసారా అమ్ముతారు. చూడడానికి వచ్చేవారిలో చాలామందికి ఇది ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న ఏదో పల్లెను యథాతథంగా తెచ్చి పెట్టినట్టు తోస్తుంది. చరిత్ర మాత్రం వేరు. ఈ సంత పుట్టింది నగరాల్లో. ఆల్ప్స్ పల్లెలు అందులో చేసిన పని సరుకు తయారుచేసి పంపడమే తప్ప సంత నడపడం కాదు. మంచు దారులను మూసివేసే డిసెంబరులో కొండపల్లెకు కొనుగోలుదారులు చేరడం కష్టం గనుక అక్కడ పెద్ద సంతకు తావుండేది కాదు.

మధ్యయుగపు ఐరోపాలో సంత పెట్టుకోవడం రాజో, ప్రభువో ఇవ్వవలసిన హక్కు. వియన్నా నగరం 1298లో డిసెంబరు సంతకు అనుమతి పొందింది. సాక్సనీలోని బౌట్జెన్‌కు 1384లో లభించిన హక్కు, క్రిస్మస్ వరకు శనివారాల్లో మాంసం అమ్ముకోవడానికి మాత్రమే. బొమ్మల ఊసు అందులో లేదు. డ్రెస్డెన్‌లో 1434లో మొదలైనది ఒకే ఒక్క రోజు సాగిన సంత. అంటే తొలినాళ్ళలో ఇవి చలికాలానికి ముందు ఇంటికి కావలసిన తిండి, బట్ట సమకూర్చుకునే ఏర్పాట్లు. పిల్లలకు కానుకలు కొనే చోటుగా ఇవి మారడానికి లూథర్ మొదలుపెట్టిన మతసంస్కరణ కారణమయింది. అంతకుముందు పిల్లలకు కానుకలు డిసెంబరు 6న, సెయింట్ నికోలస్ పండుగనాడు, ఆ మహనీయుడి పేర అందేవి. పునీతులను కొలవడాన్ని ఒప్పని లూథరన్లు ఆ ఆచారాన్ని క్రిస్మస్‌కు జరిపి, కానుకలు తెచ్చేది క్రిస్ట్‌కిండ్, అంటే బాలక్రీస్తు, అని పిల్లలకు చెప్పసాగారు. స్ట్రాస్‌బూర్గ్‌లో 1570లో నికోలస్ సంతను తీసివేసి దాని స్థానంలో బాలక్రీస్తు సంతను పెట్టడం ఈ మార్పునకు స్పష్టమైన గుర్తు.

అరోరా సంతకు నమూనా అయిన నురెంబర్గ్ 1525లోనే లూథర్ మార్గాన్ని స్వీకరించిన నగరం. అక్కడి సంతకు దొరికిన అతి పాత ఆధారం ఏ శాసనమో, పన్నుల చిట్టానో కాదు, ఒక చిన్న పెట్టె. దేవదారు కుటుంబానికి చెందిన స్ప్రూస్ చెట్టు కర్రను పలుచని పట్టీగా చీల్చి, కోలగా వంచి చేసి, పైన రంగులు వేసిన ఈ పెట్టె పొడవు జానెడుకు మించదు. 1628లో ఒక యువతి మరొక యువతికి బాలక్రీస్తు సంత కానుకగా దీనిని పంపినట్టు పెట్టె అడుగున రాసి ఉంది. ఇప్పుడది నురెంబర్గ్‌లోని జర్మన్ జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది. పాలకులు రాయించుకున్న పత్రాలకన్నా ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య నడిచిన ఈ చిన్న వస్తువే సంత స్వభావాన్ని బాగా చెబుతుంది. 1737 నాటి జాబితాలో 140 మందికి సంతలో అమ్ముకునే హక్కు కనబడుతుంది. నగరంలోని చేతివృత్తులలో దాదాపు ప్రతిదానికీ అందులో చోటుంది.

నగరపు చేతివృత్తులు సరిపోని చోట ఆల్ప్స్ పల్లెలు ఆదుకున్నాయి. పొలం పని ఆగిపోయే నెలల్లో బెర్క్‌టెస్‌గాడెన్, ఒబర్‌అమర్‌గావ్, దక్షిణ టిరోల్‌లోని గ్రోడెన్ లోయ ప్రజలు ఇళ్ళలోనే కర్ర చెక్కి బొమ్మలు, పెట్టెలు, పునీతుల ప్రతిమలు చేసేవారు. బెర్క్‌టెస్‌గాడెన్ వారి పనితనం రంగులు పూసిన పలుచని పెట్టెలలో, పిల్లల ఈలలలో, గుర్రపు బొమ్మలలో కనిపించేది. గ్రోడెన్ వారు ఆ ఎత్తుల్లో పెరిగే మెత్తని పైన్ కర్రతో కీళ్ళు కదిలే బొమ్మలు చేసేవారు, ఇంటిల్లిపాదీ ఆ పనిలో కూర్చునేవారు. తెల్లపొణికి కర్ర మెత్తదనమే కొండపల్లి కళకు ఆధారమయినట్టు, ఇక్కడ ఆ పైన్ కర్ర ఆధారమయింది. తయారైన సరుకును వీపున కట్టుకునే కర్రచట్రంలో ఎత్తుగా పేర్చి, కాలినడకన ఊరూరా తిరిగి అమ్మే బేరగాళ్ళు ఉండేవారు. అయినా ఎక్కువ లాభం దక్కింది వీరికీ, చెక్కినవారికీ కాదు. సరుకును టోకున కొని దేశదేశాలకు ఎగుమతి చేసిన వర్తకులకే దక్కింది. 18వ శతాబ్దం చివర గియోర్గ్ హిరోనిమస్ బెస్టెల్‌మయర్ అనే నురెంబర్గ్ వర్తకుడు తన సరుకుకు బొమ్మలతో సహా కేటలాగులు అచ్చువేయించాడంటే ఆ వ్యాపారం ఎంతగా పెరిగిందో ఊహించవచ్చు. ఎక్కడో కొండలో చెక్కిన గుర్రం నురెంబర్గ్ సరుకుగా పేరు తెచ్చుకున్న సందర్భాలు అనేకం.

ఇలాంటి కొండపల్లెల వారే అమెరికాకు తరలిన ఘట్టం ఒకటి ఉంది, అది తెలుగు అచ్చు చరిత్రతోనూ ముడిపడి ఉంది. సాల్జ్‌బర్గ్‌ను పాలించిన ఆర్చ్‌బిషప్ ఫిర్మియన్ 1731లో తన రాజ్యంలోని లూథరన్లను వెళ్ళగొడుతూ ఆజ్ఞ జారీచేశాడు. సుమారు 20,000 మంది ఇళ్ళు విడిచారు. పక్కనే ఉన్న బెర్క్‌టెస్‌గాడెన్ నుంచి కూడా కొయ్యపనివారితో సహా పలువురు కదిలారు. సాల్జ్‌బర్గ్ నిర్వాసితులలో ఒక చిన్న గుంపు 1734లో జార్జియాకు చేరి సవన్నా సమీపంలో ఎబెనేజర్ అనే ఊరు కట్టుకుంది. వారి వెంట వచ్చిన పాస్టర్లు బోల్జియస్, గ్రోనావ్ జర్మనీలోని హాల్లె పట్టణంలో ఉన్న ఫ్రాంకే అనాథాశ్రమ విద్యాలయంలో పనిచేసినవారు. అదే హాల్లె కేంద్రం నుంచి తమిళ తీరానికి వచ్చి, మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ తిరిగి వెళ్ళాక 1746-47లో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలుగా వాటినే చెబుతారు. మరో శతాబ్దానికి, 1842లో, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హేయర్ గుంటూరు చేరి లూథరన్ మిషన్ స్థాపించాడు. ఆంధ్రలో క్రిస్మస్ చరిత్రకూ ఈ సంతల చరిత్రకూ వెనుక ఈ లూథరన్ ప్రపంచం కూడా ఉంది.

సంతలో అమ్మే తినుబండారాల వెనుక కూడా ఆల్ప్స్ దారులున్నాయి. మలబారు మిరియాలు, సింహళపు దాల్చినచెక్క వెనిస్ రేవులో దిగి, బ్రెన్నర్ కనుమ మీదుగా మూటలు మోసే గుర్రాల బారుల్లో నురెంబర్గ్ చేరేవి. లెబ్‌కూహెన్‌కు ఆ నగరం పేరుపొందింది చుట్టుపక్కల అడవుల తేనెకు ఈ దినుసులు తోడవడం వల్లనే.

మరి పల్లె ముఖం సంతకు ఎప్పుడు వచ్చింది? 19వ శతాబ్దం చివరికి నురెంబర్గ్ సంత నగర కేంద్రం నుంచి జరిగి కళ తప్పింది. 1933లో నాజీలు దానిని తిరిగి ప్రధాన చౌకుకు తెచ్చి, ఆరంభోత్సవానికి నాటకీయమైన హంగులు చేర్చి, తమ జాతి ప్రాచీనతకు ప్రదర్శనగా వాడుకున్నారు. ఈ సంగతిని సంతల ప్రచార పత్రాలు సాధారణంగా ప్రస్తావించవు, ప్రస్తావించకపోవడం సరికాదు. యుద్ధకాలంలో ఆగిన సంత 1948లో, బాంబులకు కూలిన పాత నగరపు శిథిలాల నడుమ తిరిగి మొదలైంది. బాలక్రీస్తు వేషంలో నటి సోఫీ కీసర్ ఆరంభ వాక్యాలు చదివింది. 1969 నుంచి ఆ పాత్రకు రెండేళ్ళకొకసారి నగరంలోని ఒక యువతిని ఎన్నుకుంటున్నారు. ఇక ఆల్ప్స్ ప్రాంతంలో నేడు పేరుపడ్డ సంతలలో చాలావరకు యాత్రిక పరిశ్రమ పెరిగాక వచ్చినవే: సాల్జ్‌బర్గ్ సంత ఇప్పటి రూపం 1970ల నాటిది, బొల్జానోది 1990 ప్రాంతపుది. మొదట నగరం పల్లె సరుకును కొన్నది, తరువాత పల్లె రూపాన్ని ధరించింది, చివరకు ఆల్ప్స్ ప్రాంతమే నగరం చేసిన ఆ రూపాన్ని తిరిగి తెచ్చుకుంది.

షికాగోలో ఈ సంతను 1996లో ఆరంభించింది జర్మన్ అమెరికన్ వాణిజ్య మండలి మిడ్‌వెస్ట్ శాఖ. మండలి అసలు ఉద్దేశం జర్మనీకీ ఆ ప్రాంతానికీ మధ్య వర్తకాన్ని పెంచడమే కనుక, నురెంబర్గ్ వర్తకుల పాత పనినే అది కొనసాగించిందనవచ్చు. పయనీర్ కోర్ట్‌లో మొదలైన సంత మరుసటి ఏడే డేలీ ప్లాజాకు మారి స్థిరపడింది, 2016లో అరోరాకు పొరుగున ఉన్న నేపర్‌విల్‌లోనూ శాఖ పెట్టింది. 2022లో అరోరాను ఎంచుకోవడానికి అనుకూలతలు కనిపిస్తూనే ఉన్నాయి: 2013లో తెరిచిన నదీతీర పార్కు, దానికి ఆనుకుని షికాగో నుంచి వచ్చే లోకల్ రైలు చివరి స్టేషను.

రైలు ఈ ఊరికి కొత్త కాదు. బర్లింగ్టన్ రైలు సంస్థ పుట్టుక 1849 నాటి అరోరా శాఖా మార్గంలోనే ఉంది. 1856లో సున్నపురాయితో కట్టిన, ఇంజన్లు నిలిపే గుండ్రని షెడ్డు సంతకు దగ్గరలోనే ఇంకా నిలిచి ఉంది. రైలు కర్మాగారాల పనికి 19వ శతాబ్దంలో వచ్చినవారిలో జర్మన్లు, లక్సెంబర్గ్ వాసులు ఉన్నారు, వారు కట్టుకున్న చర్చి సెయింట్ నికోలస్ పేరిటే ఉండడం గమనించదగ్గది. 1881లోనే వీధులన్నిటికీ విద్యుద్దీపాలు పెట్టి దీపాల నగరమని పేరు పొందిన ఊరికి దీపాలతో సాగే సంత అమరింది కూడా.

ఆ నగరంలోనే 1986 నుంచి శ్రీ వేంకటేశ్వర బాలాజీ ఆలయం ఉంది, చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. సంత సాగే రోజుల్లోనే, డిసెంబరు మధ్యలో, ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున తిరుప్పావై పఠనం, పొంగలి ప్రసాదం ఆ నెల ఆచారాలు. నదీతీర పార్కుది మాత్రం వేరే పంచాంగం: గుడిసెలు విప్పివేసిన కొన్ని నెలలకు అదే పచ్చికపై కచేరీల ఋతువు మొదలై, జూన్‌లో బ్లూస్ సంగీతోత్సవం జరుగుతుంది.