వింబుల్డన్ పోటీలలో ఆహారం, వేడుక వాతావరణం

వింబుల్డన్ టెన్నిస్ పోటీలు లండన్ నగరపు నైరుతి భాగంలోని వింబుల్డన్ ప్రాంతంలో ప్రతి సంవత్సరం జూన్ చివర లేదా జూలై మొదట్లో ప్రారంభమై రెండు వారాలపాటు జరుగుతాయి. 1877లో ఆల్ ఇంగ్లండ్ క్లబ్బు ప్రారంభించిన ఈ పోటీలు ప్రపంచంలోని టెన్నిస్ పోటీలలో అతి పురాతనమైనవి. స్ట్రాబెర్రీలు-క్రీము తినడం, టిక్కెట్ల కోసం రాత్రంతా క్యూలో వేచియుండడం, పచ్చిక గుట్టపై కూర్చుని పెద్ద తెరపై ఆట చూడడం ఇక్కడి ప్రధాన ఆచారాలు. అత్యంత ఖరీదైన సీట్లు, రాజకుటుంబపు అతిథులకు ప్రత్యేక స్థానాలు ఉన్నప్పటికీ, ఈ పోటీలు సామాన్య ప్రేక్షకుల వేసవి పండుగగా కూడా నిలవడానికి ఈ ఆచారాలే ముఖ్య కారణం.

స్ట్రాబెర్రీలు, క్రీము

ఇంగ్లండులో ఆరుబయట పెరిగే స్ట్రాబెర్రీలు ముఖ్యంగా జూన్, జూలై నెలలలో పండుతాయి. శీతల గిడ్డంగులు లేని రోజులలో ఈ పండ్లు ఆ కొద్ది వారాలు మాత్రమే లభించేవి. పోటీలు కూడా అదే సమయంలో జరగడం వలన ఈ రెండింటికీ విడదీయరాని సంబంధం ఏర్పడింది. 16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ రాజు కొలువులోని కార్డినల్ వూల్జీ విందులో ఈ పండ్లను క్రీముతో కలిపి మొదటిసారి వడ్డించారని ప్రతీతి. ఇందులో వాడే క్రీము కాచిన పాలపై కట్టే మీగడ వంటిది కాదు; పాలనుండి వేరుచేసిన, జారుగా ఉండే చిక్కని ద్రవం. దీనిని పండ్లపై పోసి ఇస్తారు.

పండ్లు లండనుకు ఆగ్నేయాన ఉన్న కెంట్ ప్రాంతపు తోటలనుండి వస్తాయి. తాజాగా కోసిన పండ్లను తెల్లవారుజామున మైదానానికి చేర్చి, పరిశీలించి, తొడిమలు తీసి సిద్ధం చేస్తారు. ఒక్కొక్కరికి కనీసం 10 పండ్లు ఇవ్వాలన్నది నియమం. 2000ల దశకంలో ఒక్కొక్క పోటీలో సుమారు 28,000 కిలోల పండ్లు, 7,000 లీటర్ల క్రీము ఖర్చయ్యేవి. ఇటీవలి సంవత్సరాలలో పండ్ల వినియోగం 30,000 కిలోలు దాటింది.

2010 నుండి 2024 వరకు దీని ధర 2.50 పౌండ్లుగానే ఉంది. 2025లో దానిని 2.70 పౌండ్లకు పెంచినప్పుడు, ఆ 20 పెన్నీల పెంపు కూడా బ్రిటిష్ పత్రికలలో వార్త అయింది. దీనికి భిన్నంగా, సెంటర్ కోర్టులో 2026 నుండి 2030 వరకు ఐదేళ్ళపాటు ఒక సీటు హక్కు కల్పించే డిబెంచరు ధర 1,16,000 పౌండ్లు.

ఇతర ఆహారపానీయాలు

జిన్ ఆధారిత మద్యమైన పిమ్స్‌ను నిమ్మరుచిగల సోడా పానీయం, పుదీనా, దోసకాయ, పండ్ల ముక్కలతో కలిపి తాగడం మరొక ఆచారం. మైదానంలో మొదటి పిమ్స్ దుకాణం 1971లో వెలసింది. ప్రేక్షకులు ఇంటినుండి ఆహారం తెచ్చుకోవడానికి అనుమతి ఉంది. అందువలన పచ్చికపై కుటుంబ సమేతంగా కూర్చుని, తెచ్చుకున్న సాండ్‌విచ్‌లు తినేవారు ఎక్కువగా కనిపిస్తారు.

క్యూ

టిక్కెట్లలో ఎక్కువ భాగం ముందుగానే లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు. అయితే ఏ రోజు టిక్కెట్లను ఆ రోజే కొనే అవకాశం కూడా ఉంది. సెంటర్ కోర్టు (చివరి నాలుగు రోజులు మినహా), ఒకటవ, రెండవ నంబరు కోర్టులలో ఒక్కొక్కదానికి సుమారు 500 చొప్పున టిక్కెట్లు క్యూలో నిలబడినవారికి దక్కుతాయి. వీటికోసం పలువురు ఎదురుగా ఉన్న వింబుల్డన్ పార్కులో చిన్న గుడారాలు వేసుకుని రాత్రి గడుపుతారు. వచ్చిన ప్రతివారికి వరుస సంఖ్య గల కార్డు ఇస్తారు. దానిని ఇతరులకు బదిలీ చేయకూడదు. సాయంత్రం వెళ్ళిపోయేవారు తిరిగి ఇచ్చిన టిక్కెట్లను తక్కువ ధరకు మళ్ళీ అమ్మి, ఆ సొమ్మును సేవాకార్యక్రమాలకు వినియోగిస్తారు.

గుట్ట

ఒకటవ నంబరు కోర్టు ప్రక్కనున్న పచ్చిక వాలుకు ఆవొరాంగి టెర్రస్ అని పేరు. కోర్టు లోపల సీటు లేనివారు ఇక్కడినుండి పెద్ద తెరపై ఆట చూస్తారు. నాలుగుసార్లు సెమీఫైనల్ చేరినా ఫైనల్ చేరలేకపోయిన టిమ్ హెన్మన్ పేరిట దీనిని హెన్మన్ హిల్ అని పిలవసాగారు. 2013లో ఆండీ ముర్రే విజయం సాధించి, 1936లో ఫ్రెడ్ పెర్రీ తరువాత పురుషుల సింగిల్స్ గెలిచిన మొదటి బ్రిటన్ ఆటగాడైనప్పుడు, ఈ గుట్ట జనంతో కిటకిటలాడింది.

వర్షం

వర్షం వలన ఆట ఆగిపోవడం కూడా ఈ వేడుకలో భాగమే. 1996లో అలా ఆట నిలిచిపోయినప్పుడు ప్రేక్షకులలో ఉన్న గాయకుడు క్లిఫ్ రిచర్డ్ సెంటర్ కోర్టులో పాటలు పాడి వారిని అలరించారు. 1991లో వర్షం వలన వాయిదాపడిన ఆటలు పూర్తిచేయడానికి, అంతవరకు విశ్రాంతి దినంగా ఉన్న మధ్య ఆదివారం నాడు తొలిసారి పోటీలు నిర్వహించారు. ఆనాడు గేటు వద్దే టిక్కెట్లు అమ్మడంతో సెంటర్ కోర్టు క్యూలో నిలబడి వచ్చిన సామాన్యులతో నిండి, కేరింతలతో మారుమ్రోగింది. ఆ రోజుకు "ప్రజల ఆదివారం" అన్న పేరు స్థిరపడింది. సెంటర్ కోర్టుకు 2009లో, ఒకటవ నంబరు కోర్టుకు 2019లో తెరిచి మూయగల పైకప్పులు ఏర్పాటుచేశారు. 2022 నుండి మధ్య ఆదివారం కూడా ఆట రోజుగా మారింది.