రాజపాళయం రాజుల పారిశ్రామిక చొరవ

అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి పరిసరాలు పత్తి పండే నల్లరేగడి నేలలు. అరుప్పుకోట్టైకి పడమట రాజపాళయంలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకున్న రాజులు తరతరాలుగా ఉన్నారు. వారిలో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌ను, 1957లో మద్రాస్ సిమెంట్స్‌ను నెలకొల్పారు. రెండవదాని తొలి కర్మాగారం విరుదునగర్ సమీపాన తులుక్కపట్టిలో వెలసింది. పత్తి నూలైంది, అరుప్పుకోట్టై తాలూకా పందల్‌గుడి సున్నపురాయి సిమెంటైంది. చేతికందే ముడిసరుకును గుర్తించడం ఇందులోని మొదటి పాఠం.

మిల్లు వెంట చదువు నడవడం రెండవది. ఆయన పేర పాలిటెక్నిక్, 1973లో రాజుల కళాశాల ఏర్పడ్డాయి.

నేడు విశ్వవిద్యాలయాలు పారిశ్రామిక చొరవను పాఠ్యాంశంగా బోధిస్తున్నాయి. పక్క ఊరి చరిత్ర తెలుగులో రాసిపెట్టకపోతే, అక్కడి తెలుగు విద్యార్థి తన తాతల విద్యను పరాయి ఉదాహరణలతోనే నేర్చుకోవలసి వస్తుంది.