శర్కర యను మాట

చందూరునకు సమీపమున, బోధనులో, 1937లో నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. దాని పేటకు శక్కరునగరమని పేరు. 2015లో కర్మాగారము మూతపడినను పేరు నిలిచినది. శక్కరు అన్యదేశ్యమని మేమును ఒకప్పుడు చిన్నచూపు చూచితిమి.

సంస్కృతమున శర్కర యనఁగా గులకఱాయి. పిదప ఱవ్వగా గట్టిపడిన చెఱకుపాకము. ప్రాకృతమున సక్కర, తెలుఁగునఁ జక్కెర. పారసీకమున శకర్, అరబ్బీలో సుక్కర్. అరబ్బులనుండి ఇటలీవారికి జుక్కెరో, ఫ్రెంచివారికి సూక్ర్, ఆంగ్లేయులకు షుగర్ అయ్యెను. స్పెయినువారు అరబ్బీ ఉపపదమునుగూడఁ గలిపికొని అసూకర్ అనిరి. పోర్చుగీసువారు మన పడమటితీరమున నీ మాటనే విని బెల్లమును జాగర యనిరి. అదియే ఆంగ్లమున జాగరీ. ఒక్కతల్లి బిడ్డలగు షుగరును జాగరీయు నచ్చట నొకరినొక రెఱుఁగని పరాయివారైరి.

శక్కరును అట్లే, దేశములు తిరిగి యింటికి వచ్చిన బిడ్డ. మాటను వెలివేయుటకు ముందు దాని పుట్టిల్లడుగుట మేలు.